ఏడో నెల నిండాక హైదరాబాదు నుంచి కోనసీమ పుట్టింటికి: రైలా, కారా, విమానమా?

మీ ప్రశ్న సారాంశం ఇది. మియాపూర్‌లో ఉంటున్నారు, తొలి కాన్పు, ఇప్పటికి 28 వారాలు నిండాయి, ఆగస్టు మూడో వారంలో డేట్ ఇచ్చారు. ఈ మే నెలాఖరులోనే కోనసీమలోని పుట్టింట్లో సీమంతం చేసి, పురుడు పోసేదాకా మిమ్మల్ని అక్కడే ఉంచుకోవాలని మీ అమ్మగారి కోరిక. ఎనిమిదో నెలలో కాలు బయట పెట్టకూడదని మీ అత్తగారి మాట. మీవారు కారులో తీసుకెళ్తానంటున్నారు. రైలు, విమానం, కారు, వీటిలో ఏది క్షేమమని అడిగారు. బీపీ, షుగరు మామూలుగానే ఉన్నాయని, హిమోగ్లోబిన్ 9.4 ఉందని, ఐదో నెలలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో మాయ (ప్లాసెంటా) కాస్త కిందికి ఉందన్నారని చివర ఒక వాక్యంలో రాశారు.

హైదరాబాదులో చాలాకాలంగా కాన్పులు చూస్తున్న వైద్యురాలిగా నేను ఆ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. ఏ బండిలో వెళ్లాలన్నది దాని తర్వాత తేల్చుకోవలసిన విషయం.

ఐదో నెల స్కాన్‌లో మాయ అంచు గర్భసంచి ముఖద్వారానికి 2 సెంటీమీటర్ల లోపు ఉంటే కిందికి ఉందంటారు. ముఖద్వారాన్నే కప్పేసి ఉంటే అది ఇంకా తీవ్రమైన పరిస్థితి. నెలలు నిండేకొద్దీ గర్భసంచి కింది భాగం సాగుతుంది కనుక, ఐదో నెలలో కిందికి కనిపించిన మాయ చాలామందిలో ఎనిమిదో నెల నాటికి పైకి జరిగిపోతుంది. అందుకే మామూలుగా 32 వారాల దగ్గర మళ్లీ స్కాన్ చేస్తారు. మీ ప్రయాణం అంతకన్నా ముందే ఉంది కాబట్టి, టికెట్టు తీసుకునేముందే ఆ స్కాన్ చేయించుకోండి. మాయ అంచు ఎంత దూరంలో ఉందో కచ్చితంగా తెలియాలంటే యోని ద్వారా చేసే స్కాన్ మేలు. దానివల్ల రక్తస్రావం అవుతుందని, బిడ్డకు తగులుతుందని చాలామంది భయపడి వద్దంటారు గానీ, అనుభవమున్నవారు చేస్తే దానివల్ల ప్రమాదం లేదు.

మాయ ఇంకా కిందే ఉందని తేలితే ఈ ప్రయాణం మానుకోమనే నా సలహా. అలాంటప్పుడు నొప్పి ఏమీ లేకుండా ఉన్నట్టుండి రక్తస్రావం మొదలుకావచ్చు, అది తక్కువగానే ఉండి ఆగిపోవచ్చు, లేదా గంటలోపు రక్తం ఎక్కించవలసినంతగానూ ఉండవచ్చు. అది ఇంటి దగ్గర జరిగితే మీకు తెలిసిన ఆసుపత్రికి చేరుకుంటారు, అదే అర్ధరాత్రి రెండు స్టేషన్ల మధ్య జరిగితే ఎవరూ చేయగలిగింది పెద్దగా ఉండదు. సీమంతం మియాపూర్‌లో కూడా చేసుకోవచ్చు. చీర, గాజులు, చలిమిడి పట్టుకుని మీ అమ్మగారే ఇక్కడికి వస్తారు, ఆమె ప్రయాణానికి ఏ స్కానూ అక్కర్లేదు.

మాయ పైకి జరిగిందని తేలితే, ఇప్పుడు బయల్దేరడంలో తప్పు లేదు. ప్రయాణానికి అన్నిటికన్నా అనువైన కాలం 14 నుంచి 28 వారాల మధ్య అని వైద్యులు చెప్పడానికి కారణం ఉంది. వాంతులు, గర్భస్రావం భయం ఎక్కువగా ఉండే మొదటి మూడు నెలలు అప్పటికి దాటిపోతాయి, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే కాలం ఇంకా దగ్గరపడదు, నడవడానికీ కూర్చోవడానికీ అంత ఇబ్బంది ఉండదు. అలాగని 28 వారాలు దాటిన మరునాడే తలుపులు మూసుకోనక్కర్లేదు. ఏ ఇబ్బందీ లేని గర్భిణి 34 వారాలదాకా కూడా జాగ్రత్తగా ప్రయాణం చేయవచ్చు. కాకపోతే వారం గడిచేకొద్దీ దారిలో నొప్పులు మొదలయ్యే అవకాశం పెరుగుతుంది, మీ వెసులుబాటు తగ్గుతుంది.

కుదుపులకు నొప్పులు వస్తాయన్న భయం గురించి ఒక మాట. బిడ్డ చుట్టూ ఉమ్మనీరు, దాని చుట్టూ మందమైన గర్భసంచి కండరం ఉన్నాయి. రోడ్డు మీది మామూలు కుదుపులకు కాన్పు రాదు. నిజానికి ఏడో నెల ప్రయాణం గురించి ఇంతగా భయపడే ఇళ్లలోనే, కోడలు రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి స్కూటీ మీద వెళ్లి రావడం గురించి ఎవరూ మాట్లాడరు. స్కూటీతో వచ్చే ప్రమాదం కుదుపుల వల్ల కాదు, పడిపోవడం వల్ల. పొట్ట పెరిగేకొద్దీ శరీరం తూకం మారుతుంది కాబట్టి బండి నడపడం ఇప్పటికైనా ఆపేయండి. మెట్రోలో లిఫ్టులు ఉన్నాయి, ఆడవాళ్లకు విడిగా చోటుంది, మెట్రో వెళ్లేంతవరకు అది వాడుకోండి.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయమని నేను అనను. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బతకదనే నమ్మకం మాత్రం తప్పు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. అయితే బరువు నెలల్లో ఏరు దాటరాదనే పాత కట్టుబాటు వెనక ఒక ఆలోచన ఉంది, అది మీ విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. మీ పుట్టిల్లు గోదావరి పాయల మధ్య దీవిలా ఉండే లంక గ్రామంలో ఉందని రాశారు. మీ కాన్పు ఆగస్టులో. గోదావరికి పెద్ద వరదలు జూలై, ఆగస్టు నెలల్లోనే వస్తాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు కోనసీమ లంకల్లో రోడ్లు మునిగి జనం పడవల మీద తిరిగారు. నొప్పులు మొదలైన గర్భిణిని పడవ ఎక్కించి గట్టుకు చేర్చి, అక్కడినుంచి వాహనం వెతుక్కునే పరిస్థితిని తెలిసి తెలిసి కొనితెచ్చుకోకూడదు.

పురిటికి పుట్టింటికి వెళ్లడాన్ని మనవాళ్లు ఒక రాత్రి ప్రయాణంగా చూస్తారు. వైద్యపరంగా చూస్తే అది ఆసుపత్రి మారడం. ఇన్నాళ్లూ మిమ్మల్ని చూసిన డాక్టరు, మీ రిపోర్టులన్నీ ఉన్న చోటు, అర్ధరాత్రి ఫోను చేస్తే తీసే నర్సు, ఇవన్నీ వదిలి కొత్తచోట మొదలుపెడుతున్నారు. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దారిలో వచ్చినవి కావు. వెళ్లాక నెలరోజులపాటు ఎవరికీ చూపించుకోకుండా, మధ్యలో బీపీ పెరిగినా తెలియకుండా, నొప్పులు వచ్చిన రోజే తొలిసారి ఒక ఆసుపత్రి మెట్లెక్కడం వల్ల వచ్చినవి. కాబట్టి బయల్దేరకముందే అక్కడ కాన్పు ఎవరి చేతుల్లో జరగాలో నిర్ణయించుకోండి. ఆ ఆసుపత్రిలో ఏ వేళలోనైనా ఆపరేషన్ చేయగలరా, మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా, దగ్గర్లో బ్లడ్ బ్యాంకు ఉందా, నెలలు నిండని బిడ్డను చూసుకునే ఐసీయూ ఎంత దూరం, ఈ నాలుగూ ఫోనులోనే అడగవచ్చు. అమలాపురంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, రాజమండ్రి, కాకినాడ పెద్ద ఊళ్లు. సీమంతం లంకలో మీ ఇంట్లో చేసుకుని, జూలై మొదటి వారానికల్లా అమలాపురంలోనో రాజమండ్రిలోనో బంధువుల ఇంటికి మారిపోవడం నాకు తోచిన మంచి మార్గం. అలా ఉండేందుకు ఇల్లు లేకపోతే 33, 34 వారాల లోపు హైదరాబాదుకు తిరిగి వచ్చేయండి.

ఇక బండి సంగతి. మీకు నా మొదటి ఎంపిక రైలు. రాత్రంతా కాళ్లు చాపుకుని పడుకోవచ్చు, కావాలన్నప్పుడు లేచి నడవవచ్చు, మరుగుదొడ్డి పక్కనే ఉంటుంది. గర్భిణికి ఈ మూడూ ఉండడం పెద్ద విషయం. మీకు మరో సౌకర్యం కూడా ఉంది. గౌతమి ఎక్స్‌ప్రెస్ సాధారణంగా లింగంపల్లి నుంచే బయల్దేరుతుంది కాబట్టి, సికింద్రాబాదు స్టేషనులో జనాన్ని తోసుకుంటూ పైవంతెన ఎక్కి దిగే అవస్థ మీకుండదు. ఈమధ్య కొన్ని రైళ్లను చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు కనుక, టికెట్టు మీద ఏ స్టేషను ఉందో ఒకసారి చూసుకోండి. వయసు మళ్లినవారికి, 45 ఏళ్లు దాటిన మహిళలకు, గర్భిణులకు కలిపి ప్రతి స్లీపర్ బోగీలో ఆరేడు, థర్డ్ ఏసీలో నాలుగైదు, సెకండ్ ఏసీలో మూడు నాలుగు లోయర్ బెర్తులను రైల్వే కేటాయించింది. గర్భిణినని రాసిన డాక్టరు సర్టిఫికెట్టు తీసుకుని రిజర్వేషన్ కౌంటరులోనే అడగండి. ఖర్చుకు వెనకాడకపోతే సెకండ్ ఏసీ తీసుకోండి, అందులో మిడిల్ బెర్త్ ఉండదు కనుక రాత్రిపూట లేచి కూర్చోవాలన్నా మెడ వంచుకోనక్కర్లేదు. వెల్లకిలా పడుకోవద్దు, పక్కకు తిరిగి, వీలైతే ఎడమవైపు తిరిగి పడుకోండి. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బిడ్డకు రక్తప్రసారం తగ్గుతుంది. రాజమండ్రిలో రైలు ఆగేది కొద్ది నిమిషాలే, స్టేషను రావడానికి ముందే తలుపు దగ్గరికి చేరండి, సామాను మీవారికి వదిలేసి మీరు కడ్డీ పట్టుకుని దిగండి. వందే భారత్ శుభ్రంగా, వేగంగా ఉంటుంది గానీ దాదాపు ఆరు గంటలు కుర్చీలోనే గడపాలి. అంతసేపు కూర్చుంటే మీకు నడుంనొప్పి వస్తుందో రాదో మీకే తెలియాలి.

కారు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో గర్భిణిని కారులో తీసుకెళ్లే పద్ధతే ప్రమాదకరంగా ఉంటుంది. వెనక సీటులో దిండ్లు వేసి, ముందు సీటు వీపుకు కాళ్లు ఆనించి, హాయిగా పడుకోమంటారు. ప్రేమతోనే అంటారు. కానీ సీటు బెల్టు లేకుండా పడుకున్న మనిషి, బ్రేకు గట్టిగా పడగానే ముందు సీట్లకు కొట్టుకుంటుంది. బెల్టు పొట్టను నొక్కి బిడ్డకు హాని చేస్తుందన్నది అపోహ. రోడ్డు ప్రమాదాల్లో బిడ్డ దక్కకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి తల్లికి తగిలే దెబ్బలే, తల్లిని కాపాడితేనే బిడ్డ దక్కుతుంది. బెల్టు పెట్టుకునే తీరు తెలిస్తే చాలు. కింది పట్టీ పొట్ట కింద, తొడల మొదట్లో, తుంటి ఎముకల మీదుగా బిగువుగా ఉండాలి. పై పట్టీ భుజం మీదుగా, రొమ్ముల మధ్యనుంచి, పొట్ట పక్కగా రావాలి. ఏ పట్టీ కూడా పొట్ట మీదుగా అడ్డంగా పోకూడదు. వెనక సీటులో కూర్చున్నా బెల్టు తప్పదు. ముందు కూర్చుంటే సీటును వీలైనంత వెనక్కి జరపండి, ఎయిర్ బ్యాగును ఆపేయనక్కర్లేదు.

కారులో వెళ్లాలనే నిశ్చయమైతే రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. రోజంతా ఆఫీసులో పనిచేసిన మనిషి రాత్రంతా స్టీరింగు పట్టుకోవడం మీ గర్భం సంగతి అటుంచి ఎవరికీ క్షేమం కాదు. తెల్లవారుజామున బయల్దేరి, ప్రతి గంటన్నరకూ ఒకసారి ఆగి, దిగి అయిదు నిమిషాలు నడవండి. సూర్యాపేట దగ్గర అందరూ ఆగే హోటళ్లలో మీరూ ఆగండి. విజయవాడ దారిలో నార్కట్‌పల్లి, సూర్యాపేట, విజయవాడలలో పెద్ద ఆసుపత్రులున్నాయని మీవారు గుర్తుంచుకోవాలి, ఏదైనా జరిగితే వెనక్కి తిరగాలా ముందుకు పోవాలా అని రోడ్డు పక్కన ఆగి తర్జనభర్జన పడకూడదు. ఆ అవసరం వచ్చినప్పుడు 108కి చేయండి, జాతీయ రహదారి సహాయానికి 1033 ఉంది. దారిలో కారుకు చిన్న దెబ్బ తగిలినా, మీకు ఏమీ అనిపించకపోయినా, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి కొన్ని గంటలపాటు బిడ్డ గుండె కొట్టుకోవడం గమనించమని అడగండి. మాయ గర్భసంచి గోడనుంచి విడివడినా, ఆ లక్షణాలు కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. మీ రక్తం నెగెటివ్ గ్రూపు అయితే అలాంటి దెబ్బ తర్వాత 72 గంటల లోపు, మీ రక్తం బిడ్డ రక్తానికి ఎదురు తిరగకుండా ఆపే యాంటీ డి ఇంజెక్షన్ అవసరమవుతుంది. గ్రూపు మీరు రాయలేదు, మీ కార్డు మీద చూసుకోండి.

విమానం గురించి మీకున్న భయాలు అనవసరం. శంషాబాదు నుంచి రాజమండ్రికి గాలిలో ఉండేది సుమారు ఒక గంట. తనిఖీలోని మెటల్ డిటెక్టరు బిడ్డకు హాని చేయదు, ఎప్పుడో ఒకసారి చేసే ప్రయాణంలో పైనుంచి పడే రేడియేషన్ లెక్కలోకి రాదు. క్యాబిన్‌లో గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు పలుచగా ఉంటుంది. ఆరోగ్యవంతురాలికి అది ఇబ్బంది కాదు. హిమోగ్లోబిన్ బాగా తక్కువ ఉన్నవారికి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ఇబ్బంది కావచ్చు. మీ 9.4 విమానానికి అడ్డు కాదు. దేశంలో తిరిగే విమానాల్లో చాలావాటిలో సుమారు 32 వారాలదాకా మామూలుగా ఎక్కనిస్తారు, ఆ తర్వాత డాక్టరు సర్టిఫికెట్టు అడుగుతారు, 36 వారాల తర్వాత ఒప్పుకోరు. కవలలైతే గడువు ఇంకా ముందే ముగుస్తుంది. సంస్థ సంస్థకూ నియమాలు మారతాయి కనుక టికెట్టు కొనేముందు వారిదే చదవండి. వారు లెక్కించేది వారాల్లో, అదీ తిరుగు ప్రయాణం తేదీని బట్టి కూడా. ఇన్ని చెప్పినా నా మొగ్గు రైలు వైపే ఉండడానికి కారణం, మియాపూర్ నుంచి శంషాబాదుకు, రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం నుంచి మీ ఊరికి వెళ్లేసరికి రోడ్డు మీద గడిపే సమయం గాలిలో గడిపే సమయానికి రెండు మూడింతలు అవుతుంది.

ప్రైవేటు స్లీపర్ బస్సు వద్దు. మరుగుదొడ్డి ఉండదు, బెల్టు ఉండదు, రాత్రి వేగం మీ చేతుల్లో ఉండదు. ఆర్టీసీలో కూర్చునే బస్సులు పగటిపూట తక్కువ దూరానికి పనికివస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో ఉచితం కావడంతో వాటిలో రద్దీ బాగా పెరిగింది. నిలబడి వెళ్లే పరిస్థితిలో మీరు ఎక్కవద్దు.

మీరు ఎందులో వెళ్లినా రెండు జాగ్రత్తలు తప్పవు. ఒకటి కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా చూసుకోవడం. గర్భంలో రక్తం చిక్కబడే గుణం పెరుగుతుంది, నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించండి, గంటకొకసారి లేవండి. పాదాలనుంచి పైకి పోయేకొద్దీ బిగువు తగ్గే మేజోళ్లు మందుల షాపులో దొరుకుతాయి, మీ డాక్టరును అడిగి సరైన కొలత తీసుకోండి. ఒక కాలే వాచినా, పిక్క నొప్పిగా, వేడిగా ఉన్నా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకండి.

రెండోది నీళ్లు. మరుగుదొడ్డికి పోవలసి వస్తుందని నీళ్లు తాగకుండా కూర్చోవడం మన ఆడవాళ్ల అలవాటు. మే నెలలో కోస్తా ఎండకు అది నేరుగా నీరసానికి, మూత్రంలో ఇన్ఫెక్షనుకు దారితీస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షను ముదిరితే నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ప్రమాదముంది. నీళ్లు ఇంట్లో కాచి చల్లార్చినవి తీసుకెళ్లండి, లేదా సీలు ఉన్న సీసా కొనండి. రోడ్డు పక్క చెరుకురసం, ఐసు వేసిన నిమ్మసోడా, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు ఎంత నోరూరించినా వద్దు. ఇది చాదస్తంతో చెబుతున్నది కాదు. కలుషితమైన నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఈ అనే కామెర్ల వ్యాధి మామూలువాళ్లకు తగ్గిపోయేదే అయినా, చివరి మూడు నెలల గర్భిణులకు ప్రాణాంతకం కాగలదు. పెరుగన్నం, పులిహోర, అరటిపండ్లు, ఒకటి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు మీ సంచిలో ఉంటే చాలు.

మందుల్లో మీరు రోజూ వేసుకునేవి అదనంగా వారానికి సరిపడా పెట్టుకోండి. ఒళ్లునొప్పులకు, జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మందుల షాపువారు ఇచ్చినా వేసుకోవద్దు. మాతా శిశు సంరక్షణ కార్డు, అన్ని స్కాన్‌లు, రక్తపరీక్షలు ఒకే ఫైలులో పెట్టి, సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో ఉంచండి. వాటి ఫోటోలు మీ ఫోనులోనూ, మీవారి ఫోనులోనూ ఉండాలి.

రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, పది నిమిషాలకొకసారి క్రమంగా వచ్చే నొప్పులు, తగ్గని తలనొప్పితో కళ్లు మసకబారడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గమ్యం చేరాక చూద్దామనుకోవద్దు. రైలులో ఉంటే 139కి ఫోను చేసి, టీటీఈకి చెప్పండి, ముందు వచ్చే పెద్ద స్టేషనులో డాక్టరును పిలిపిస్తారు. బీపీ అదుపులో లేనివారు, ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు అయినవారు, ఈ గర్భంలో ఒక్కసారైనా రక్తస్రావం అయినవారు నేను పైన చెప్పినవేవీ తమకు వర్తింపజేసుకోకుండా, ముందు తమ డాక్టరును అడగాలి.

చివరగా మీ హిమోగ్లోబిన్. 9.4 ప్రయాణాన్ని ఆపదు గానీ కాన్పుకు తక్కువే. ఐరన్ మాత్రలు టీ, కాఫీ, పాలతోనూ, కాల్షియం మాత్రతో కలిపీ వేసుకోకుండా, నిమ్మరసంతోనో జామపండుతోనో వేసుకోండి. సీమంతం సందడిలో మాత్రలు మానేయడం చాలామంది చేసే పని, ఆ పదిహేను రోజులు మీ అమ్మగారికి అప్పజెప్పండి. నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని, పెరగకపోతే సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించాలేమో అక్కడి డాక్టరును అడగండి. ఆ పరీక్షకు వెళ్లిన రోజే కాన్పుకు అక్కడ పేరు రాయించుకోవచ్చు.